కవలల గర్భము - ఆసుపత్రిలో దీర్ఘనివాసము

గర్భమున ఉన్నది ఒక శిశువు కాదు, ఇద్దరని తెలిసిన దినమున ఇంటిల్లిపాదియు సంతోషింతురు. జంట అరటిపండు తిన్నందువలననే కవలలు కలిగిరని పెద్దలు పరిహాసమాడుదురు. (ఈ నమ్మకమునకు ఆధారమేమియు లేదు. పండును మాత్రము నిర్భయముగా తినవచ్చును.) కొన్ని వారములు గడచిన పిమ్మట వైద్యురాలు పరీక్షచేసి, ఇక ప్రసవమగువరకు ఆసుపత్రిలోనే ఉండవలెనని చెప్పినచో ఆ సంతోషము కలవరముగా మారును. ప్రసవమునకు ఇంకను రెండు మాసములో, అంతకు మించియో గడువున్నది. జ్వరము లేదు, నొప్పి లేదు. నడువగలదు, తినగలదు. అట్టి స్త్రీ ఇంటిని, పెద్దబిడ్డను, పనిపాటలను విడిచి, పరిచయము లేనివారి నడుమ ఒక మంచముపై అన్ని దినములు గడుపుట ఎట్లు?

ఈ ప్రశ్నకు తగిన సమాధానము దొరకకనే కొందరు స్త్రీలు రెండవ వారములోనో, మూడవ వారములోనో తమ పూచీపై కాగితము వ్రాసి యిచ్చి ఇంటికి పోవుచుందురు. గర్భిణికి ఆసుపత్రి అవసరము ఎక్కువగా ఉండునది తరచుగా ఆ తరువాతి వారములలోనే. కావున ఆసుపత్రి నివాసమునకు అలవాటుపడుట కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయము కాదు. ముగ్గురి ప్రాణములు దానిపై ఆధారపడి యుండవచ్చును.

ఎందుకు ఉంచుదురు?

కవలలను మోయుచున్న ప్రతి స్త్రీయు ఆసుపత్రిలో చేరనక్కరలేదు. పూర్వము పెక్కు దేశములలో కవలల గర్భిణులను నెలలు నిండకముందే విశ్రాంతి కొరకు ఆసుపత్రిలో చేర్చుకొనెడి ఆచారము ఉండెను. పడకపై ఉన్నచో కాన్పు ముందుగా రాదని వైద్యులు భావించిరి. 1980ల దశకమున ఆఫ్రికా ఖండములోని జింబాబ్వే దేశమున, హరారే నగరములో ఈ విషయమును శాస్త్రీయముగా పరీక్షించిరి. కొందరిని ఆసుపత్రిలో ఉంచి, కొందరిని ఇంటివద్దనే ఉండనిచ్చి, ఉభయుల ఫలితములను సరిపోల్చిరి. కేవలము విశ్రాంతి వలన కాన్పు వెనుకకు జరుగలేదు. ఇతర దేశముల పరీక్షలను కూడ కలిపి చూచినప్పుడు, ఏ చిక్కును లేని కవలల గర్భమునకు ఆసుపత్రి పడక వలన నిశ్చితమైన మేలు కానరాలేదు.

కనుక నేడు వైద్యురాలు ఉండుమని చెప్పినదనగా దానికి ప్రత్యేకమైన కారణము ఉండితీరవలెను. ఆ కారణమేమో అడిగి తెలిసికొనుట గర్భిణి హక్కు. కారణము తెలిసినచో దినములు గడపుట తేలికయగును. తెలియనిచో మంచము చెరసాలవలె తోచును.

ఆ కారణములు పలువిధములు. రక్తపుపోటు పెరిగి, మూత్రములో మాంసకృత్తులు పోవుచుండవచ్చును. దానిని కనిపెట్టి చూడనిచో మూర్ఛలకు, అనగా మన పల్లెలలో గుర్రపువాతమని పిలుచు వ్యాధికి, దారితీయవచ్చును. మావి గర్భాశయ ద్వారమును కప్పియుండి రక్తస్రావము కలుగవచ్చును. ఉమ్మనీరు ముందుగానే కారవచ్చును. కవలలిద్దరికిని ఒకే మావి ఉన్నప్పుడు, దానిలోని రక్తనాళముల ద్వారా ఒక శిశువునకు రక్తము ఎక్కువగాను రెండవ శిశువునకు తక్కువగాను పోవుట కలదు. అరుదుగా ఇద్దరును ఒకే ఉమ్మనీటి సంచిలో ఉందురు. అప్పుడు వారి బొడ్డుత్రాళ్లు పెనవేసుకొను ప్రమాదమున్నది. అట్టి గర్భిణిని ముందుగానే చేర్చుకొని, సాధారణముగా 32, 34 వారముల మధ్య శస్త్రచికిత్సచే కాన్పుచేయుదురు.

ఆసుపత్రిలో ఉన్నందున కలుగు మేలునకు ఒక్క ఉదాహరణము చాలును. నెలలు నిండని శిశువునకు ఊపిరితిత్తులు పక్వము కావు. కాన్పునకు ముందు తల్లికి ఒక విధమైన మందును సూదిద్వారా ఇచ్చినచో శిశువునకు ఊపిరి సులువగునని న్యూజీలండు వైద్యులు లిగిన్సు, హోవీ అనువారు 1972లో ప్రకటించిరి. మన దేశములో డెక్సామెథసోను అను మందును 24 నుండి 34 వారముల లోపల కాన్పు వచ్చు సూచనలున్న గర్భిణులకు 12 గంటలకొక మోతాదు చొప్పున నాలుగు మోతాదులు ఇచ్చుచున్నారు. ఆ మందు పూర్తిగా పనిచేయుటకు వ్యవధి కావలెను. నొప్పులు ముదిరిన తరువాత పల్లెనుండి బండి కట్టించుకొనియో, ఆటోలోనో వచ్చిన స్త్రీకి ఆ వ్యవధి చిక్కదు. వార్డులో ఉన్న స్త్రీకి చిక్కును.

వార్డులో దినములు

ఆసుపత్రిలో ఉండుట అనగా కదలక పడియుండుట కాదు. ఎంతవరకు నడువవచ్చునో, స్నానమునకు పోవచ్చునో లేదో వైద్యురాలిని స్పష్టముగా అడుగవలెను. గర్భిణి రక్తమునకు సహజముగానే గడ్డకట్టు స్వభావము అధికము. కదలక ఉన్నచో కాలి సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును. కావున మంచముపై ఉన్నను గంట గంటకు పాదములను పైకి క్రిందికి ఆడించుట మంచిది. ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పిచేసినను, ఆకస్మికముగా ఆయాసము కలిగినను వెంటనే చెప్పవలెను. వెల్లకిల పడుకొన్నచో ఇద్దరు శిశువుల బరువు పెద్ద రక్తనాళములపై పడి కండ్లు తిరుగును. ప్రక్కకు తిరిగి, కాళ్లనడుమ తలగడ నుంచుకొని పడుకొనుట సుఖము.

నర్సు ప్రతిదినము శిశువుల గుండె చప్పుడు వినును. ఒక శిశువైనచో అది కొద్ది నిమిషముల పని. కవలలైనచో రెండు గుండెలను వేరువేరుగా గుర్తింపవలెను. ఒకే గుండెను రెండు చోట్ల విని ఇద్దరిదని పొరబడరాదు. అందుచే ఆమె చాలసేపు వెదకును, యంత్రమును అటునిటు జరుపును, ఒక్కొక్కప్పుడు మరియొక నర్సును పిలుచును. ఆమె ముఖమును చూచి గర్భిణి బెదరిపోవుట పరిపాటి. వెదకుటయే అపాయమునకు గుర్తు కాదని ముందుగా తెలిసినచో ఈ బెదురు చాలవరకు తగ్గును. కొన్ని దినములు గడచిన పిమ్మట ఏ శిశువు ఏ వైపున ఉన్నదో, ఏది ఎప్పుడు కదలునో తల్లికే తెలియును. ఆ తెలివి వైద్యులకు సయితము ఉపయోగించును. ఇద్దరిలో ఎవరి కదలిక తగ్గినను చెప్పవలెను.

రాత్రివేళ నర్సును లేపుటకు మొగమాటపడు స్త్రీలు ఎందరో కలరు. రక్తము కనిపించినను, నీరు కారినను, కడుపు మాటిమాటికి బిగిసినను, తీవ్రమైన తలనొప్పియు చూపు మసకయు కలిగినను, డొక్క పైభాగమున నొప్పి పుట్టినను తెల్లవారువరకు ఆగరాదు. ఆ వేళలో పిలువబడుటకే నర్సు అక్కడ ఉన్నది.

ఆహారము విషయమున రెండు పొరబాటులు కలవు. ఇద్దరున్నారు కావున రెట్టింపు తినవలెననునది మొదటిది. బిడ్డలు పెరిగినచో కాన్పు కష్టమగునని తిండి తగ్గించునది రెండవది. ఈ రెండవది మిక్కిలి ప్రమాదకరము. గర్భాశయము పెరిగి జీర్ణకోశమును అదుముచుండుటచే ఒక్కమారుగా ఎక్కువ తినుట సాధ్యము కాదు. పప్పు, గ్రుడ్డు, పాలు, ఆకుకూరలు, పండ్లు కొంచెము కొంచెముగా ఐదారుమార్లు తీసికొనవలెను. ఇనుము మాత్రను, కాల్షియము మాత్రను ఒకేసారి మ్రింగరాదు. కాఫీ, టీలతో ఇనుము మాత్ర వేసికొన్నచో అది ఒంటికి పట్టదు. రక్తపుపోటు ఉన్నదని ఉప్పును బొత్తిగా మాన్పించు కుటుంబములు కలవు. వైద్యులు చెప్పనిదే అట్లు చేయనక్కరలేదు.

ఇక మనస్సు సంగతి. శరీరము కంటె దానిని ఓదార్చుటయే కష్టము. ప్రక్క మంచము స్త్రీ నిన్న చేరి, నేడు ప్రసవించి, ఎల్లుండి ఇంటికి పోవును. ఆ మంచమునకు మరియొకరు వత్తురు. తాను మాత్రము అక్కడనే. ఒక్కొక్కప్పుడు వార్డులో ఎవరికో బిడ్డ దక్కదు. ఆ రాత్రి ఎవరికిని నిద్ర పట్టదు. ఇట్టి దినములలో కన్నీరు వచ్చుట దౌర్బల్యము కాదు. దినములు లెక్కించుటకు బదులు వారములు లెక్కించుట మేలు. 28వ వారము 29వది అగుట శిశువుల దృష్టిలో పెద్ద లాభము. కుట్టుపని, అల్లిక, చదువు మొదలగునవి చేతికి పని కల్పించును. అక్షరములు రాని స్త్రీ ప్రక్కవారివద్ద చదువ నేర్చుకొనుటకు ఇంతకంటె తీరిక ఎన్నడు దొరకును? రెండు వారములు దాటియు నిద్రలేమి, దిగులు, దేనియందును ఆసక్తి లేకపోవుట తగ్గనిచో వైద్యురాలికి చెప్పవలెను. అదియు చికిత్స గల వ్యాధియే. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ అను ఉచిత సేవతో 14416 నంబరునకు ఫోనుచేసి మాటలాడవచ్చును.

ఇంటివారు చేయవలసినది

తొలికాన్పు పుట్టినింట జరుగుట మన ఆనవాయితీ. కాని కవలల కాన్పులో చిక్కున్నప్పుడు రక్తనిధి, మత్తువైద్యుడు, నవజాత శిశువుల ప్రత్యేక విభాగము ఉన్న ఆసుపత్రియే పుట్టినిల్లు. తల్లియే అచటికి వచ్చి కూతురికి తోడుండవలెను. సీమంతము జరుగలేదని చింతింపనేల? సందర్శకుల వేళలో, నర్సు అనుమతితో, ఒకరిద్దరు ముత్తయిదువలు వచ్చి గాజులు తొడిగినచో ముచ్చట తీరును.

వెనుకటి దుష్ప్రసవముల కథలను మంచముప్రక్క కూర్చుండి చెప్పు బంధువులను మర్యాదగా వారించుట భర్త విధి. ఇంటివద్ద గేదె ఈనినదో, నాట్లు ముగిసినవో చెప్పవచ్చును గాని, తానులేక ఇల్లు పాడగుచున్నదను మాట మాత్రము చెప్పరాదు. ఆమెను ఇంటికి లాగుకొనిపోవునది తరచుగా ఆ మాటయే.

పెద్దబిడ్డ సంగతి వేరు. అమ్మ ఊరికి పోయినదని అబద్ధమాడుట కంటె, తమ్ములో చెల్లెండ్రో వచ్చువరకు డాక్టరుగారివద్ద ఉండునని నిజము చెప్పుట మేలు. ఆసుపత్రివారు అనుమతించినచో వారమునకొక్కసారి తెచ్చి చూపవలెను. ఫోనులో ముఖము చూచి మాటలాడు అవకాశము నేడు కలదు. ప్రతిదినము ఒకే వేళకు మాటలాడినచో ఆ బిడ్డ ఆ వేళకు ఎదురుచూచును, ఊరడిల్లును. పగటివేళ అంగన్‌వాడీ కేంద్రమునకు పంపవచ్చును.

కాన్పు వేళ రక్తము కావలసి రావచ్చును కావున దానమీయగల బంధుమిత్రులను ముందుగానే సిద్ధపరచుకొనవలెను. 2011 జూనులో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణికి పరీక్షలు, మందులు, రక్తము, కాన్పు, శస్త్రచికిత్స, రాకపోకల వాహనము ఉచితము. ఉద్యోగము చేయు స్త్రీలకు 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టమును 2017లో సవరించి సెలవును 26 వారములకు పెంచిరి. ఈ నిబంధనలు తరువాత 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. గర్భకాలపు అస్వస్థతకు అదనముగా ఒక మాసము వరకు సెలవు కలదు. దరఖాస్తుతో వైద్యురాలి ధ్రువపత్రమును జతపరుపవలెను.

ఎన్నోమార్లు స్కానింగు చేయుదురు గనుక మగయో ఆడయో చెప్పుమని అడుగుట కొందరికి అలవాటు. 1994 నాటి చట్టము ప్రకారము అది నేరము.

కాన్పునకు ముందే చూడవలసిన గది

కవలలలో పెక్కుమంది 37 వారములు నిండకముందే పుట్టుదురు. అట్టి శిశువులను ప్రత్యేక విభాగములో ఉంచవలసి రావచ్చును. వీలున్నచో గర్భిణి ఆ విభాగమును ముందే ఒకమారు చూచుట మంచిది. గాజుపెట్టెలను, గొట్టములను, మ్రోగుచుండు యంత్రములను కాన్పు అలసటలో మొదటిసారి చూచుట కంటె, ఇప్పుడు నర్సు ప్రక్కనుండగా చూచుట మేలు. శిశువులు చప్పరింపలేని స్థితిలో ఉన్నను తల్లి చనుబాలు పిండి ఇవ్వవచ్చును. ఆ పద్ధతిని వార్డులో ఉన్నప్పుడే నర్సువద్ద అడిగి తెలిసికొనవచ్చును. బొగోటా నగరమున 1978లో మొదలైన కంగారూ పద్ధతిలో, బరువు తక్కువ శిశువును తల్లి రొమ్మునకు చర్మము తగులునట్లు ఆనించి కట్టుకొందురు. కవలలనిద్దరిని ఒకేమారు అట్లు ఉంచుకొనవచ్చును. అలసినప్పుడు ఒకరిని తండ్రియో, అమ్మమ్మయో, నాయనమ్మయో ఎత్తుకొనవచ్చును.

ఇద్దరిలో ఒకరు ముందుగా ఇంటికి పోవలసివచ్చుట అరుదు కాదు. అప్పుడు తల్లి ఎచట ఉండవలెను, రెండవ శిశువునకు పాలు ఎవరు తెత్తురు, ఏ వేళకు తెత్తురు అను సంగతులను భర్తయు పెద్దలును కాన్పునకు ముందే కూర్చుండి నిర్ణయించుకొనవలెను.