గంట కొట్టని హాస్టల్

సూర్యాపేట హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మనల్ని నడిపింది గంట. నిద్ర లేవడానికి గంట, భోజనానికి గంట, స్టడీ అవర్‌కు గంట. పిహెచ్.డి.లో చేరాక నన్ను ముంచింది ఆ గంట లేకపోవడమే. లేపేవారు లేరు, హాజరు తీసుకునేవారు లేరు. మొదటి ఏడాదిన్నరలో నేను రాసింది పదకొండు పేజీలు. ఊళ్లో మా నాయన మాత్రం "మావోడు పెద్ద సదువు సదువుతుండు" అని అందరికీ చెప్పుకుంటున్నాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీలో పీజీ చేస్తున్నవారు రేపు ఈ దారికి వస్తారు కాబట్టి ఇది రాస్తున్నాను.

2022 నాటి యుజిసి నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన రెండేళ్ల వరకు పొడిగింపు అడగవచ్చు, మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. వినడానికి ఆరేళ్లు చాలా ఎక్కువే. కోర్సు వర్కు, టాపిక్ ఖరారు పోను మిగిలేదెంతో చేరాకే తెలుస్తుంది.

నన్ను ఒడ్డున పడేసింది మన హాస్టల్ అలవాటే. మిర్యాలగూడ, కోదాడ హాస్టళ్లలో చదివిన ఇద్దరు జూనియర్లు కలిశారు. ముగ్గురం రాత్రి ఎనిమిది నుంచి పది వరకు స్టడీ అవర్ పెట్టుకున్నాం. రోజుకు ఒక్క పేజీ. రాయనివాడు ఆ రాత్రి అందరికీ టీ తాగించాలి. మొదటి నెల టీ డబ్బులన్నీ నావే!

టాపిక్ కోసం ఎక్కడెక్కడో వెతకకండి. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో పరిశోధన చేసింది పల్లె జనం పాడుకునే పాటల మీదనే. మనకు దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ఉంది, ఫణిగిరి బౌద్ధ శిథిలాలున్నాయి, మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీల బతుకుంది, సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లందే తీరుంది. అయితే ముందుగా శోధ్‌గంగలో ఆ విషయంపై వచ్చిన సిద్ధాంత గ్రంథాలు చూడండి. ఉచితంగానే చదువుకోవచ్చు.

ఇక డబ్బు. ఎస్సీ విద్యార్థులకు 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన ఫెలోషిప్ ఇప్పుడు జాతీయ ఫెలోషిప్‌గా నడుస్తోంది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000. కానీ అది నెలనెలా ఒకటో తారీఖుకు వచ్చే జీతం కాదు. నాకు ఒకసారి ఏడు నెలలు ఆగింది. వచ్చిన రోజే ఇంటి అప్పంతా తీర్చేయాలనిపిస్తుంది. తీర్చండి, కానీ నాలుగు నెలల మెస్ బిల్లు పక్కన పెట్టుకుని తీర్చండి.

గైడ్ గారి గది ముందు గంటలకొద్దీ నిలబడడం మనవాళ్లకు అలవాటే, తలుపు తట్టడమే రాదు. నా మొదటి అధ్యాయం నిండా ఎర్ర సిరాతో తిరిగొస్తే మూడు నెలలు ఆయనకు కనబడకుండా తిరిగాను. అంబేడ్కర్ గారు రూపాయి సమస్యపై 1922లో లండన్‌లో ఇచ్చిన సిద్ధాంత గ్రంథాన్నే పరీక్షకులు మార్చమన్నారు. ఆయన బొంబాయి వచ్చాక సవరించి పంపితే 1923లో డి.ఎస్సీ. ఇచ్చారు. ఈ సంగతి అప్పుడే తెలిసి ఉంటే నాకు ఆ మూడు నెలలు మిగిలేవి.

వార్షికోత్సవానికి నేను తప్పకుండా వస్తాను. సినాప్సిస్ రాసుకున్నవారు వెంట తెచ్చుకోండి. భోజనాలయ్యాక స్టడీ అవర్ గదిలో కూర్చుని చూద్దాం.