గుఱ్ఱపు బీడునకు తగిన కంచె

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో చేనికి తుమ్మకంప గాని, రాతికడీలకు లాగిన ముళ్లతీగె గాని కంచెగా నుండుట వాడుక. పెండ్లి యూరేగింపులకై గుఱ్ఱమును పెంచువారిలో కొందఱు దాని బీడునకును ఆ తీగెనే చుట్టుదురు. ఇది తగదు.

ముళ్లతీగెకు 1874లో పేటెంటు పొందిన జోసెఫ్ గ్లిడెన్ అమెరికా రైతు. అది ముఖ్యముగా ఆలమందల నాపుటకై వ్యాపించినది. ఎద్దు ముల్లు తగిలిన వెనుదీయును. గుఱ్ఱమన్ననో, బెదరిన క్షణముననే పరుగెత్తు జంతువు. సన్నని తీగె దాని కంటి కానదు. కాలు చిక్కినచో నిలువక గుంజుకొనును. మోకాలి దిగువ దానికి కండ లేదు. చర్మము క్రిందనే స్నాయువులు, ఎముక. అచ్చటి గాయము మానుట కష్టము; స్నాయువు తెగినచో గుఱ్ఱము కుంటిదగును. తీగె చవుక యనువారు ఈ ఖర్చును లెక్కింపరు!

కడీలను మానవలదు. నాలుగున్నర అడుగులకు తగ్గని యెత్తున వానికి సరుగుడు వాసములు కట్టవలెను. వాసము లోపలివైపుననే యుండవలెను. గుఱ్ఱము ఒరగినపుడు బరువు కడీమీద పడును. వెలుపల కట్టినచో కట్లు ఊడును. పై వాసమునకు సున్నము పూసినచో మసకచీకటిలో గూడ కనబడును. మూలలను గుండ్రముగా త్రిప్పినచో, బలముగల గుఱ్ఱము తరిమినపుడు బలహీనమైనది మూలన చిక్కదు.

పూల యందము కొఱకు కంచెవెంట గన్నేరు నాటువారు కలరు. ఎండిన గన్నేరాకు సైతము గుఱ్ఱమునకు విషమే. ప్రాణము తీయుటకు కొద్ది యాకులు చాలును. కొట్టిన కొమ్మలను బీడులో పడవేయరాదు.