మూత ఉన్న సీసాలే తేలుతాయి

ఆదివారం పూట గట్టు మీద నిలబడి "మాస్టారూ, మేమూ దిగుతాం, ఏం తెచ్చుకోవాలి?" అని అడిగే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కన్నా రాసిస్తే మేలనిపించింది. నాకు డెబ్బై ఒకటి. బందరు కాలువలో కయాక్ మీద చెత్త ఏరడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. మా పెద్దవాడు కోపెన్‌హాగెన్‌లో ఉంటాడు. చెత్త ఏరుకొస్తామంటే కయాక్ ఉచితంగా ఇచ్చే గ్రీన్‌కయాక్ అనే సంస్థ 2017లో ఆ ఊళ్లోనే మొదలైంది. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి రెండు గంటలు ఏరాం. తిరిగొచ్చి మన కాలువ చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

1. ముందు కాలువ నీళ్లు చూసుకునే లస్కరుని అడగండి. ఏ రోజు నీళ్లు పెంచుతారో, ఎక్కడ వడి ఎక్కువో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. లాకులు, తూముల దగ్గర పైకి నీళ్లు నిదానంగా కనిపించినా కింద లాగేస్తుంటాయి. నేను వంద గజాల ఇవతలే ఆగిపోతాను. అక్కడ ఎంత చెత్త పేరుకున్నా సరే, అది మన పని కాదు. లైఫ్ జాకెట్ లేకుండా, తోడు లేకుండా దిగొద్దు. ఈత వచ్చినవాళ్లకి కూడా ఇదే మాట.

2. చెత్తను ఎదురెక్కుతూ అందుకోండి. ఇది నేను మునిగి నేర్చుకున్నాను. మొదటి నెలలోనే, నీళ్లలోకి వాలిన తుమ్మకొమ్మకి చిక్కుకున్న పెద్ద కవరు కనిపిస్తే వాలుకి పోతూ చెయ్యి చాచాను. పడవ అడ్డం తిరిగి కొమ్మకి ఆనుకుంది. ఎగువ అంచు మీదుగా నీళ్లెక్కేశాయి. లోతు రొమ్ముబంటే కాబట్టి బతికిపోయాను, కళ్లజోడు మాత్రం కృష్ణమ్మకే ఇచ్చేశాను. దిగువ నుంచి వెళ్తే మనం తెడ్డు ఆపిన మరుక్షణం ప్రవాహమే మనల్ని కొమ్మ నుంచి వెనక్కి తెస్తుంది.

3. గోనెసంచి వద్దు. నీళ్లు పీల్చి బరువెక్కి పడవను ఒక పక్కకి గుంజుతుంది. టమాటాలు వేసే చిల్లుల ట్రే ఒకటి కాళ్ల ముందు కట్టుకోండి, నీళ్లు కారిపోతాయి. చేతికి మందపాటి తొడుగులు, పొడుగాటి పట్టకారు. సూదులు, గాజుముక్కలు మూతున్న నూనె డబ్బాలో వెయ్యండి. ఒంటి మీద గాయం ఉంటే ఆ వారం గట్టు పని చూడండి. ఎలుక జ్వరం గాయం గుండా ఎక్కుతుంది. తర్వాత జ్వరమొస్తే "కాలువలో దిగాను" అని డాక్టరుకి ముందే చెప్పండి.

4. థర్మోకోల్‌ని గట్టిగా పట్టుకోవద్దు. పూసలు పూసలుగా విడిపోతుంది, ఇక ఎవరూ ఏరలేరు. జల్లెడ కింద నుంచి పెట్టి లేపాలి. అలంకరణకి వాడే థర్మోకోల్, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. పెళ్లిళ్ల సీజన్‌లో అవే నా ట్రే నింపుతున్నాయి.

5. ఈ పాఠం నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి మూడేళ్లు కాలువ బాగుపడుతోందనే అనుకున్నాను. ఒక ఎండాకాలం, నీళ్లు ఆపి కాలువలు కట్టేశాక, అడుగులోకి దిగి నడిచాను. బురదలో అడుగడుక్కీ నీళ్ల సీసాలే. వంగి ఒకటి తీశాను. లోపల సగం ఒండ్రు, అందులో చిన్న పీత ఒకటి కదులుతోంది. ఇంకొకటి తీశాను, మరొకటి తీశాను. దేనికీ మూత లేదు. అప్పుడు అర్థమైంది. సీసా ప్లాస్టిక్ నీటికన్నా బరువు. మూత బిగించి ఉంటే లోపలి గాలి తేలుస్తుంది, లేకపోతే నీళ్లు నిండి అడుక్కి పోతుంది. మూడేళ్లూ నేను ఏరినవి మూత ఉన్న సీసాలే. నా కళ్లముందే మునిగిపోయిన వాటి లెక్క, ఏరినవి రాసుకునే నా పుస్తకంలో లేనే లేదు. ఆ సాయంత్రం చాలాసేపు గట్టు మీదే కూర్చుండిపోయాను.

అందుకే కాలువ కట్టేసిన ఆ కొన్ని వారాలు కయాక్ ఇంట్లో పెట్టేసి నడిచి ఏరుతున్నాం. ఏడాదంతా పడవ మీద చేసేది ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. నీళ్లు ఎప్పుడు వదులుతారో లస్కరుని అడక్కుండా మాత్రం అడుగులోకి దిగొద్దు.

6. నీరుకట్టె కనిపిస్తే కంగారుపడొద్దు, విషం లేదు. గుర్రపుడెక్క మధ్యలోకి దూరొద్దు, తెడ్డు ఆడదు. దాని అంచునే చెత్త ఆగుతుంది, అక్కడే ఏరుకోవచ్చు. పిట్టగూళ్లున్న చోట కవరు వేలాడుతున్నా వదిలెయ్యండి.

7. చిరిగిన వల కనిపిస్తే కొయ్యబోయే ముందు జాలర్లని అడగండి. మనకి చెత్తలా కనిపించేది ఒకరి జీవనం కావచ్చు.

8. ఏరింది ఎక్కడికి పోతుందో ఏరకముందే చూసుకోండి. గట్టు మీద కుప్పపోస్తే మొదటి వానకి తిరిగి కాలువలోకే. పంచాయతీ చెత్త బండి వచ్చే వేళ కనుక్కుని, ఆ వేళకే ఒడ్డు చేరతాం.

9. వంతెన మీది మనుషుల్ని కోప్పడొద్దు. నేను కోప్పడి చూశాను, నా ముందు మానేసి చీకటిపడ్డాక వేశారు. కవరుతో సహా పూజ పూలు, పాత దేవుడి పటాలు వేసేవాళ్లు దుర్మార్గులు కారు. నిర్మాల్యం తొక్కుడు పడకూడదని నీళ్లలో కలుపుతారు. మా అమ్మా అదే చేసింది, కాకపోతే ఆవిడ అరిటాకులో తెచ్చేది. కాలువ నీళ్లు బిందెలో పోసి, చిల్లగింజ అరగదీసి, తేటపడ్డాక మాకు తాగడానికి ఇచ్చింది కూడా ఆవిడే. ఇప్పటికీ దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువుల్ని నింపేది ఈ కాలువే. ఆ మాట నెమ్మదిగా చెబితే వింటారు.

వంతెన మొదట్లో పూల కోసం ఒక ట్రే, పటాల కోసం ఒక చెక్కపెట్టె పెట్టాం. పూలు మా పెరట్లో కొబ్బరి మొదళ్లకి ఎరువవుతాయి. పటాల అద్దం, చట్రం విడదీసి, కాగితం మట్టిలో పూడుస్తాం. ప్రతి శుక్రవారం ఒక పెద్దావిడ వస్తుంది. మొదట్లో నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. ఇప్పుడు కవరు విప్పి, పూలు ట్రేలో పోసి, ఖాళీ కవరు మడిచి కొంగున దోపుకుంటుంది. రేవు మెట్లు దిగి, నాలుగు రేకులు మాత్రం నీళ్లలో వదిలి, దణ్ణం పెట్టుకుని వెళ్తుంది. ఆ నాలుగు రేకులు నేను ఏరను.

ఆదివారం ఉదయం ఆరింటికి రేవు దగ్గరికి రండి. పాత బట్టలు, మడమ మూసే బూట్లు చాలు. తాగే నీళ్లు ఇంటి నుంచి స్టీలు సీసాలో తెచ్చుకోండి.