బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

ఫస్ట్ షిఫ్టు ఏడింటికి. ఆరు గంటలకు గోదావరిఖనిలో ఇంటి ముందు బొలెరో సెల్ఫ్ కొడితే టకటకమని ఆగిపోయింది. "అన్నా, బండి స్టార్ట్ అయితలేదు, జర కేబుళ్లు పట్టుకొని రా" అని పక్క వీధికి ఫోను పోతుంది. అన్న వస్తాడు, బండి స్టార్టవుతుంది. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. డాష్‌బోర్డులో ఎన్నడూ చూడని లైట్లు వెలుగుతాయి, కిటికీ అద్దం సరిగ్గా పైకి పోదు, మర్నాడు పొద్దున మళ్లీ అదే టకటక.

పెద్దపల్లి జిల్లాలో సింగరేణికి, ఎన్టీపీసీకి, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి కిరాయి బండ్లు నడుపుకునే వాళ్లకు ఒక్క రోజు బండి ఆగితే ఆ రోజు డబ్బు పోయినట్టే. ఆ కంగారులో కొత్త బ్యాటరీ కొంటారు. అది పది రోజుల్లో మళ్లీ డౌన్ అవుతుంది. డౌన్ అయిన బ్యాటరీ చాలాసార్లు దెబ్బ తిన్నదే తప్ప దెబ్బ కొట్టింది కాదు. దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తేల్చుకోవాలి.

మొదట కేబుళ్ల సంగతి. ఎర్ర కేబుల్ ఒక కొస డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. తర్వాత నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కు. చివరి కొసను మాత్రం ఆగిన బండి బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజిను మీద రంగులేని ఇనుముకు పట్టించాలి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ దగ్గర నిప్పురవ్వ లేస్తే అది పేలుతుంది, యాసిడ్ ముఖాన పడుతుంది. ఐదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టండి. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకు రండి. ఉబ్బిన, పగిలిన బ్యాటరీకి కేబుల్ తగిలించనే వద్దు.

ప్లస్ మైనస్ తారుమారైతే మెయిన్ ఫ్యూజు పోతుంది, డైనమోలో డయోడ్లు కాలతాయి. కేబుల్ పెట్టిన తర్వాత బండి పూర్తిగా చచ్చిపోయినట్టుంటే మొదట చూడాల్సింది ఆ ఫ్యూజునే. ఇంకో పాత అలవాటు ఉంది: డైనమో పనిచేస్తుందా అని చూడటానికి ఇంజిను నడుస్తుండగా టెర్మినల్ పీకడం. అంబాసిడర్ కాలంలో చెల్లింది. ఇప్పటి బండిలో ఒక్కసారి వోల్టేజీ ఎగిరితే కంప్యూటర్ పోవచ్చు. ఎవరు చెప్పినా చేయనివ్వకండి.

డాష్‌బోర్డు లైట్లకు భయపడాల్సిన పని చాలావరకు లేదు. కరెంటు పోయినప్పుడు బండి కొన్ని సంగతులు మరిచిపోతుంది. అద్దం పూర్తిగా మూసి, స్విచ్చిని మరి కొన్ని సెకన్లు పైకే పట్టి ఉంచితే చాలా బండ్లలో ఆటో మళ్లీ పనిచేస్తుంది. స్టీరింగ్ లైటు వెలుగుతుంటే ఇంజిను ఆన్ చేసి స్టీరింగును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, కొంతదూరం నడిపి చూడండి. వోల్టేజీ పడిపోయినప్పుడు ఒకేసారి నాలుగైదు తప్పుడు కోడ్లు పడతాయి. అందుకే బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయకుండా స్కానింగుకు డబ్బు పెట్టొద్దు. ఛార్జి చేశాక కూడా ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ లైట్లు నిలిచే ఉంటే స్కాన్ చేయించండి, కోడ్ చెరిపే ముందు రాసుకోండి.

ఛార్జి అంటే ఛార్జరు మీదనే. డైనమో పని బ్యాటరీని నిండుగా ఉంచడం, ఖాళీ బ్యాటరీని నింపడం కాదు. 50 ఆంపియర్ అవర్ బ్యాటరీని 5 ఆంపియర్ల దగ్గర రాత్రంతా పెట్టాలి.

ఇప్పుడు మీటరు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే ఇంచుమించు ఖాళీ. నిండిన బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడితే దాని బలం అయిపోయినట్టు. ఇంజిను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటకపోతే బెల్టు, డైనమో చూడాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, నీళ్లు మరిగిపోతున్నాయి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఈ అంకెను పైకి కిందికి చేస్తుంది కాబట్టి కాసేపు గమనించి తీర్పు చెప్పండి.

ఈ మూడూ బాగుంటే ఎర్త్ చూడండి. మీటరు ఒక కొస మైనస్ సీసం మీద, మరొకటి ఇంజిను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరో, టెర్మినలో పాడైంది. వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి బిగిస్తే కొత్త బ్యాటరీ ఖర్చు తప్పిన బండ్లు ఎన్నో.

ఆగి ఉన్న బండి కరెంటు తాగుతోందా? మైనస్ తీగ తీసి, మధ్యలో మీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, తలుపులు మూసి అరగంట ఆగండి. మీటరు ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు. 0.05 ఆంపియర్ దాకా మామూలే. అర ఆంపియర్ ఉంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతున్నాయి, నాలుగు రోజుల్లో బ్యాటరీ ఖాళీ. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోండి, ఎక్కడ అంకె పడిపోతే తప్పు అక్కడుంది. నా అనుమానం ముందు బయట బిగించిన యాంప్లిఫయర్, జీపీఎస్, ఎల్ఈడీ లైట్ల మీదే. ఫ్యూజు లేకుండా బ్యాటరీకి నేరుగా తగిలించిన వైరు ఉంటే ఆ రోజే తీయించండి.

మన దగ్గర ఇంకో కారణం ఉంది, అది ఏ మీటరులోనూ కనబడదు. ఆఫీసరును దింపి మూడు నాలుగు గంటలు ఎండలో ఎదురుచూస్తూ, ఇంజిను ఆపి బ్లోయరు, పాటలు పెట్టుకుంటారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో డ్రైవరుకు గాలి వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ 10 ఆంపియర్ల చొప్పున పోతే 50 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగం రెండున్నర గంటల్లో అయిపోతుంది. క్వార్టర్స్ నుంచి గని దాకా పోయే నాలుగు కిలోమీటర్లు దాన్ని నింపలేవు. బండి పెట్టించుకునే వాళ్లు డ్రైవర్లకు నీడ, ఫ్యాను ఉన్న గది ఇవ్వాలి.

ఆ ఎండకే బ్యాటరీ నీళ్లూ ఆవిరైపోతాయి. మూతలున్న బ్యాటరీలో పదిహేను రోజులకోసారి చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్లు వద్దు. బ్యాటరీ మీద పేరుకున్న బొగ్గు దుమ్ము వానకు తడిస్తే దాని మీదుగానే కరెంటు జారిపోతుంది, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

ఐదొందల లోపు మీటరు దొరుకుతుంది. కొని, రేపు పొద్దున సెల్ఫ్ కొట్టక ముందు బ్యాటరీ ఎన్ని వోల్టులుందో ట్రిప్ షీటు వెనక రాసుకోండి.