పాత పొగగొట్టంలో కొత్త పొయ్యి

ప్రశ్న: అమెరికాలో, బోస్టన్ దగ్గర పాత ఇల్లు కొన్నాం. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది. ఎన్ని కట్టెలు వేసినా గది వెచ్చబడదు. వుడ్ స్టవ్ ఇన్సర్ట్ కొని అందులోకి తోసేస్తే చాలంటున్నారు మావారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇన్సర్ట్ మంచి ఆలోచనేనమ్మా, కానీ తోసేస్తే చాలదు. తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్‌లో వేడి చాలావరకు పొగతోపాటే పోతుంది. ఆ పొగ గదిలోని వెచ్చటి గాలినీ లాక్కుపోతుంది. ఇన్సర్ట్ అంటే ఫైర్‌ప్లేస్ లోపల అమర్చే పొయ్యి. దానికి గాజు తలుపు ఉంటుంది. గాలి కొలతగా అందుతుంది కనుక అవే కట్టెలు ఎక్కువసేపు కాలతాయి.

అసలు కిటుకంతా పొగగొట్టంలోనే ఉంది. వెడల్పాటి పాత ఇటుక గొట్టంలో ఇన్సర్ట్ పొగ తొందరగా చల్లారి, గోడలకు క్రియోసోట్ అనే నల్లటి జిడ్డుగా పేరుకుంటుంది. అది అంటుకుంటే చిమ్నీయే మండుతుంది. అందుకే ఇన్సర్ట్ నుంచి చిమ్నీ కొస దాకా స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ (లోపలి గొట్టం) వేయించండి. చాలా మోడళ్లకు 6 అంగుళాలది వాడతారు. డ్యాంపర్ (పొగగొట్టం మొదట్లో ఉండే మూత) దగ్గర మిగిలే ఖాళీని రేకుతో మూయించండి.

కొనేముందు ఫైర్‌ప్లేస్ ఎత్తు, లోతు, ముందు వెడల్పుతోపాటు వెనక వెడల్పూ కొలవండి. చాలా ఫైర్‌ప్లేస్‌లు లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతాయి. చిమ్నీని నిపుణుడితో తనిఖీ చేయించండి. టౌన్ అనుమతి తీసుకుని, ఇంటి బీమావాళ్లకూ చెప్పండి. కట్టెల్లో తేమ 20 శాతం లోపే ఉండాలి. చిమ్నీని ఏటా తనిఖీ చేయించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా మాత్రం మొదటి మంట వెలిగించకండి.