పెరటి తోటలో పాత మామిడి రకాలు: పెంపకం, రుచి పరీక్ష

నూజివీడు, ఆగిరిపల్లి, మైలవరం ప్రాంతాల ఎర్ర నేలల్లో ఇప్పటికీ పెద్ద రసం, చిన్న రసం, చెరుకు రసం, పంచదార కలశ, జలాలు వంటి పాత మామిడి చెట్లు పెరళ్లలో కనిపిస్తాయి. అయితే కొత్తగా వేసే తోటల్లో అధిక భాగం బంగినపల్లి, తోతాపురి. కారణం స్పష్టమే. పీచులేని, గట్టి కండగల బంగినపల్లి దూరప్రయాణానికి తట్టుకుంటుంది. తోతాపురి గుజ్జు పరిశ్రమలకు పనికివస్తుంది. పలుచని తొక్కగల రసాలకు ఆ సౌకర్యం లేదు. నున్న మార్కెట్టుకు చేరేలోగానే అవి మెత్తబడతాయి. అందువల్ల ఈ రకాల మనుగడ ఇంటి పెరటిపైనే ఆధారపడి ఉంది.

టెంక నాటితే రకం నిలుస్తుందనే అపోహ గ్రామాల్లో బలంగా ఉంది. మన మామిడి రకాలు ప్రధానంగా ఏకపిండ జాతివి. పరపరాగ సంపర్కం వల్ల టెంక మొక్క తల్లిని పోలదు. పాశ్చాత్య దేశాల్లో పాత ఆపిల్ రకాలను కాపాడేవారు ఎదుర్కొనే చిక్కు ఇదే, వారి పరిష్కారమూ అంటుకట్టడమే. ముసలి చెట్టును నరికితే ఆ జన్యురూపం మళ్లీ దొరకదు. అంటు తీసిన తరువాతే నరకడం గూర్చి ఆలోచించాలి.

ఇంటివద్ద సులువైనది టెంక అంటు. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ ఉన్నప్పుడు, మొలకెత్తి 10-15 రోజులైన, ఆకులు ఇంకా రాగి రంగులో ఉన్న మొక్కను వేరు మూలంగా తీసుకోవాలి. 3-4 నెలల వయసుగల కొమ్మ చివరను ఎన్నుకొని, అంటుకు వారం పది రోజుల ముందే దాని ఆకులు తుంచివేయాలి. తోడిమలను మాత్రం ఉంచాలి. డెల్టా నల్లరేగడిలో అంటు నాటేవారు గుంటకన్న మట్టిదిబ్బకు ప్రాధాన్యమివ్వాలి. నీరు నిలిచే చోట మామిడి బతకదు. కృష్ణా కాలువల కింద పెరటి చెట్లు ఎండిపోవడానికి ఎరువుల లోపంకన్న ఇదే తరచు కారణం.

రుచి పరీక్షకు కాయను తొడిమతో కోసి, సొన కారనిచ్చి, గడ్డిలో మాగవేయాలి. కాల్షియం కార్బైడు వాడకం నిషిద్ధం. అది రంగునే తెస్తుంది, రుచిని కాదు. రసాలను ముక్కలుగా కోసి రుచి చూడడం ఆ రకానికి అన్యాయం. అరచేతులతో మెత్తగా పిసికి, తొడిమ తీసి, మొదటి చుక్కలు పారబోసి పీల్చాలి. కోత రకాల్లో లోపమనిపించే పీచు ఇక్కడ కండను టెంకకు పట్టి ఉంచి రసాన్ని మాత్రమే వదులుతుంది. రిఫ్రాక్టోమీటరు అంకె ఒక్కదానితోనే రకాన్ని తీర్పు చేయరాదు. చిన్న రసంలో తీపితో కలిసిన పులుపే దాని గుణం, ఆ అంకెలో అది కనిపించదు.

ఒకే చెట్టునుంచి ఒకటి కాదు, కనీసం ఐదు పండ్లు వేర్వేరు రోజుల్లో తినిచూడాలి. చెట్టున్న చోటు, ఇంటివారు పిలిచే పేరు, పూత, కోత తేదీలు, పండు బరువు, టెంక బరువు, పీచు, నిలువ ఉండే రోజులు నమోదు చేయాలి. ఒకే పేరు రెండు ఊళ్లలో రెండు పండ్లకు, ఒకే పండుకు రెండు పేర్లు ఉండడం సాధారణం. ఇలాంటి నమోదు ఉంటేనే 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కింద రైతు రకంగా నమోదుకు దరఖాస్తు తయారు చేయడం సాధ్యమవుతుంది.