‘ఇతరములు’ పద్దును విప్పి చూడండి
(సభ్యుల విద్యా పాఠం: ఫోన్లలో, కంప్యూటర్లలో జాగా ఎటు పోతున్నది?)



సంఘాల లెక్కలు తనిఖీ చేయడానికి వెళ్లినప్పుడు నేను మొదట తెరిచే పద్దు ‘ఇతర ఖర్చులు’. పాల కొనుగోలుకు లెక్క ఉంటుంది, దాణా అమ్మకానికి లెక్క ఉంటుంది, క్యాన్ల రవాణాకు వోచరు ఉంటుంది. ఏ పేరూ పెట్టలేని ఖర్చంతా వచ్చి ‘ఇతరముల’లో పడుతుంది. దానిని ఎవరూ విప్పి చూడరు. విప్పి చూడరు కనుకనే అది ఏటేటా పెరుగుతుంది.

సరిగ్గా ఇటువంటి పద్దే నేడు మన చేతి ఫోన్లలోను, సంఘ కార్యాలయంలోని కంప్యూటరులోను ఉన్నది. ఫోనులో ‘స్టోరేజ్’ అనే చోట చూస్తే ఫోటోలు ఇంత, వీడియోలు ఇంత, యాప్‌లు ఇంత అని చూపి, చివర ‘ఇతరములు’ లేక ‘సిస్టమ్ డేటా’ అని ఒక పెద్ద అంకె చూపుతుంది. ఆ అంకెలో ఏమున్నది, అందులో దేనిని తీసివేయవచ్చు, దేనిని ముట్టరాదు అన్నది ఈ పాఠం.

జరిగిన సంగతి

ఒక సంఘంలో ఉదయం పాల సేకరణ జరుగుతుండగా కంప్యూటరు ఆగిపోయింది. డిస్కులో జాగా లేదని తెరమీద పడింది. పాల చీటీలు రాలేదు. కార్యదర్శి గారు ఆ పూటకు చేత్తో రిజిస్టరు రాసి గడుపుకొచ్చారు. అంతవరకు బాగానే ఉన్నది. తరువాత ఊళ్లో చదువుకున్న కుర్రవాడొకడు సాయానికి వచ్చి, సెట్టింగులలో ‘టెంపరరీ ఫైల్స్’ అనే జాబితా తెరిచి, కనిపించిన గడులన్నిటికీ టిక్కు పెట్టి తొలగించాడు. జాగా వచ్చింది, యంత్రం నడిచింది, అందరూ మెచ్చుకున్నారు.

బిల్లు రోజున అసలు సంగతి బయటపడింది. ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ అనే గడి కూడా ఉంటుంది. కార్యదర్శి గారు సభ్యుల దాణా బాకీల పట్టికను ఆ ఫోల్డరులోనే దాచుకున్నారు. అది పోయింది. అట్లా పోయినది రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. వేరే కాపీ లేదు. పాత జాబితాను బట్టి కోతలు వేస్తే బాకీ తీర్చినవారికి కూడా కోత పడుతున్నది. ఒక వృద్ధ సభ్యురాలు పాస్ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టి, “అయ్యా, రెండు బస్తాల సొమ్ము పోయిన నెలలోనే కట్టినాను, చూడండి” అన్నది. కట్టినట్లు అందులో సంతకంతో సహా ఉన్నది. ఆమె వంటివారి పుస్తకాలన్నీ తెప్పించి, ఒక్కొక్క పద్దూ తిరిగి రాసుకొని, బిల్లులు ఇచ్చేసరికి తొమ్మిది రోజులు ఆలస్యమైనది. ఒకటి రెండు గేదెల పాలతో ఇల్లు గడుపుకొనే కుటుంబానికి తొమ్మిది రోజులంటే చిన్న మాట కాదు.

ఆ కుర్రవాని ఉద్దేశం మంచిదే. పద్దు విప్పి చూడకుండా కొట్టివేయడమే తప్పు. నేను డిప్లొమా చదివిన రోజులలో మాకు నేర్పినవి చేతిరాత లెడ్జర్లు. ఆ సంఘటన తరువాతనే నేను కూడా కూర్చుని ఈ విషయం నేర్చుకున్నాను.

ముందు కొలత తెలియవలె

పాలకు లీటరు ఎట్లాగో, కంప్యూటరు జాగాకు బైటు అట్లాగ. 1,024 బైట్లు ఒక కె.బి., 1,024 కె.బి.లు ఒక ఎం.బి., 1,024 ఎం.బి.లు ఒక జి.బి. డిస్కులు అమ్మేవారు మాత్రం 1,024కు బదులు 1,000 చొప్పున లెక్కగడతారు. అందువలన 500 జి.బి. డిస్కు కొంటే విండోస్ కంప్యూటరు 465 జి.బి. అని చూపుతుంది. ఇందులో మోసం లేదు. 100 లీటర్ల పాలు తూకంలో సుమారు 103 కిలోలు తూగినట్లే ఇదీ కొలమానంలోని తేడా.

తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి సాధారణంగా 3 బైట్లు తీసుకుంటుంది. ‘పాలు’ అనే మాటలో ‘ప’, దీర్ఘం, ‘ల’, కొమ్ము కలిసి నాలుగు సంకేతాలు, అనగా 12 బైట్లు. ఇక 200 మంది సభ్యులున్న సంఘాన్ని తీసుకోండి. రోజుకు రెండు పూటలు చొప్పున ఏడాదికి 1,46,000 పద్దులు. ఒక్కొక్క పద్దుకు 200 బైట్లు వేసుకున్నా మొత్తం 28 ఎం.బి.కి మించదు. ఫోనుతో తీసిన మంచి వీడియో నిమిషానికి సుమారు 60 నుండి 130 ఎం.బి. తీసుకుంటుంది. అంటే సంఘం ఏడాది పాల లెక్క అంతా కలిపినా అర నిమిషం వీడియోకు సరితూగదు. కనుక “లెక్కలు ఎక్కువై కంప్యూటరు నిండింది” అనే మాట సాధారణంగా నిజం కాదు. నింపేవి వేరే ఉన్నవి.

‘ఇతరముల’లో ఏముంటుంది?

1. క్యాష్: యాప్‌లు తమ సౌకర్యానికి దగ్గర పెట్టుకునే సరుకు. గోదాములో దాణా ఉన్నా, రోజూ పోయిరాలేక ఒక బస్తా కొట్టంలో ఉంచుకుంటాము. ఇది అటువంటిది. తీసివేస్తే నష్టం లేదు, కావలసినప్పుడు మళ్లీ వచ్చి చేరుతుంది.

2. చెత్తబుట్ట: తొలగించామనుకున్న ఫోటోలు వెంటనే పోవు. కొట్టం ఊడ్చి పేడ పెంటకుప్ప మీద వేస్తే కొట్టం శుభ్రమవుతుంది గాని, బండి కట్టి పొలానికి తోలేవరకు దొడ్డిలో ఆ జాగా ఖాళీ కాదు. గూగుల్ ఫోటోస్‌లో తొలగించినవి, బ్యాకప్ అయినవైతే 60 రోజులు, కానివైతే 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి.

3. రెండో కాపీలు: ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ ద్వారా ఒక వీడియో పంపితే, అసలుది గ్యాలరీలో ఉండగానే పంపినదాని కాపీ ‘సెంట్’ అనే ఫోల్డరులో మరొకటి పడుతుంది.

4. లాగ్ ఫైళ్లు: యంత్రం తన పనిని తానే రాసుకునే దినచర్య.

5. అప్‌డేట్ల మిగులు: కొత్త విండోస్ ఎక్కించినప్పుడు పాతది ‘విండోస్.ఓల్డ్’ అనే పేరుతో మిగిలి ఉంటుంది. సాధారణంగా 10 రోజుల తరువాత తానే పోతుంది.

6. పాత బ్యాకప్‌లు: వీటిని గురించి క్రింద వివరముగా చెప్పెదను.

ఐఫోనులో వీటిలో చాలావాటిని కలిపి ‘సిస్టమ్ డేటా’ అంటారు. 2021లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 15కు ముందు దానికి ‘అదర్’ అనే పేరే ఉండేది. పేరు మారింది గాని పద్దు అదే.

ఫోనులో చేయవలసిన పని

ఫోను పూర్తిగా నిండితే అది నెమ్మదిస్తుంది, యాప్‌లు అప్‌డేట్ కావు, కొన్ని ఫోన్లలో మెసేజీలు కూడా లోపలికి రావు. బిల్లు సొమ్ము బ్యాంకులో పడినదని వచ్చే మెసేజీ అందకపోతే ఇబ్బంది మనకే. కనుక నెలకొకసారి ఈ వరుసలో చూసుకోండి. కంపెనీని బట్టి పేర్లు కొద్దిగా మారవచ్చు.

మొదట సెట్టింగులలో స్టోరేజ్ తెరిచి ఏ పద్దు పెద్దదో చూడండి. ఆ అంకెలను కాగితం మీద రాసుకోండి. తరువాత వాట్సాప్ సెట్టింగులలో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. 5 ఎం.బి. కంటే పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి అక్కడ విడివిడిగా కనిపిస్తాయి. మన ఫోన్లలో చాలా జాగా తినేది ఇక్కడే. శుభోదయం బొమ్మలు, పండుగ వీడియోలు నిశ్చింతగా తీసివేయవచ్చు. పశువైద్యుడు రాసిన మందు చీటీ ఫోటో, చూడి తేదీ రాసుకున్న ఫోటో వాటి మధ్యనే ఉంటాయి, చూసి తీయండి. అక్కడే ‘మీడియా ఆటో డౌన్‌లోడ్’ ఆపితే, మనం తాకిన బొమ్మలే దిగుతాయి, అన్నీ దిగవు.

తరువాత పెద్దగా ఉన్న యాప్‌ను ఎంచుకుని ‘క్లియర్ క్యాష్’ నొక్కండి. దాని పక్కనే ‘క్లియర్ డేటా’ లేక ‘క్లియర్ స్టోరేజ్’ అని మరొకటి ఉంటుంది. ఈ రెంటికీ తేడా బాగా గుర్తుంచుకోవలె. మొదటిది కొట్టంలోని దాణా బస్తాను తీయడం. రెండవది ఆ యాప్ ఫోనులో దాచుకున్న లెక్కా పత్రమూ తగలబెట్టడం. రెండవ దానిని నొక్కితే యాప్ కొత్తగా ఎక్కించినట్లు ఖాళీగా తెరుచుకుంటుంది. చివరగా చెత్తబుట్ట ఖాళీ చేయండి.

ఒక హెచ్చరిక. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోను అక్కడే తొలగిస్తే, ఫోనులోనిదే కాక ఖాతాలోనిది కూడా పోతుంది. ఫోనులో మాత్రమే జాగా కావలెనంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే దానిని వాడవలెను. ఆ ఖాతాలో ఉచితంగా ఇచ్చేది 15 జి.బి. మాత్రమే, అందులో మెయిలు, ఫోటోలు, ఫైళ్లు అన్నీ కలిసి ఉంటాయి. ‘ఫోన్ క్లీనర్’ అని ప్రకటనలలో వచ్చే యాప్‌లను ఎక్కించకండి. పైన చెప్పిన పనికి ఫోనులో ఉన్న సెట్టింగులే చాలును.

సంఘ కంప్యూటరులో చేయవలసిన పని

విండోస్‌లో సెట్టింగులు, సిస్టమ్, స్టోరేజ్ వరుసగా తెరిస్తే పద్దులవారీగా లెక్క వస్తుంది. ‘టెంపరరీ ఫైల్స్’లో ఒక్కొక్క గడి క్రింద అది ఏమిటో రాసి ఉంటుంది. చదివిన తరువాతనే టిక్కు పెట్టండి. ‘డౌన్‌లోడ్స్’ గడికి ఎన్నడూ టిక్కు పెట్టవద్దు. సంఘ పత్రాలను ఆ ఫోల్డరులో ఉంచనే వద్దు. దానికి పేరు పెట్టి, సంవత్సరం వేసి, వేరే ఫోల్డరు తెరవండి.

‘విండోస్’, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే ఫోల్డర్లలో చేయి పెట్టరాదు. పాల సేకరణ ప్రోగ్రాము డేటాబేసుకు ఒక లాగ్ ఫైలు ఉండి, అది జి.బి.ల కొద్దీ పెరిగి ఉండవచ్చు. ఎంత పెద్దదైనా దానిని చేత్తో తొలగించరాదు, తొలగిస్తే డేటాబేసు తెరుచుకోకపోవచ్చు. ప్రోగ్రాము ఇచ్చినవారికి చెప్పి, బ్యాకప్ తీయించి, వారిచేతనే కుదింపజేయండి.

ఇక బ్యాకప్‌ల సంగతి. మనం వేసిన 28 ఎం.బి. లెక్కకు రోజుకొక పూర్తి కాపీ తీసి పాతవి తీయకపోతే ఏడాదికి సుమారు 10 జి.బి. అవుతుంది. లెక్క చిన్నదే, కాపీల కుప్ప పెద్దది. చివరి 7 రోజులవి, ప్రతి నెలాఖరుది, ప్రతి మార్చి 31 నాటిది ఉంచి, మిగిలినవి తీసివేయవచ్చు. ఉంచినవాటిని వేరే డిస్కులోకి గాని పెన్‌డ్రైవులోకి గాని ఎక్కించి, అది తెరుచుకుంటున్నదా అని చూసి, బీరువాలో పెట్టండి. అదే కంప్యూటరులో ఉంచిన కాపీ కొట్టం పక్కనే వేసిన గడ్డివాము వంటిది. నిప్పు పడితే రెండూ పోతాయి.

పాలకవర్గానికి నా సూచన

నెలకొకసారి సమావేశంలో, దాణా నిల్వ చూసినట్లే, ఈ నిల్వ కూడా చూడండి. మొత్తం జాగా ఎంత, వాడినది ఎంత, ఖాళీ ఎంత అని మూడు అంకెలు రిజిస్టరులో రాయించండి. పదవ వంతుకు తక్కువ ఖాళీ ఉంటే అప్పుడే శుభ్రం చేయించండి. ఏది తొలగించినా తేదీ, ఫైలు పేరు, తొలగించినవారి సంతకం ఉండవలె. ఎవరికీ తెలియని ఫైలు కనబడితే సస్పెన్స్ ఖాతా సొమ్ము వలె ఒక చోట ఉంచి, వచ్చే నెలలోగా అది ఏమిటో తేల్చండి. తేలకుండా కొట్టివేయడం తప్పు. ఏళ్ల తరబడి తేల్చకుండా మోయడమూ తప్పే.

సభ్యులు కూడా పాల చీటీలను, పాస్ పుస్తకాన్ని జాగ్రత్త చేసుకోండి. ఆ సంఘంలో యంత్రం మరచిపోయిన లెక్కను గుర్తు చేసినవి గుడ్డలో చుట్టి దాచిన ఆ పుస్తకాలే.

మననం చేసుకొనుటకు ప్రశ్నలు

1. ‘క్లియర్ క్యాష్’కు, ‘క్లియర్ డేటా’కు తేడా ఏమిటి?
2. ఫోటో తొలగించిన వెంటనే జాగా ఎందుకు ఖాళీ కాదు?
3. మీ సంఘం బ్యాకప్ ఎక్కడ ఉన్నది? చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?
4. మీ ఫోనులో నేడు అన్నిటికంటే పెద్ద పద్దు ఏది?

మూడవ ప్రశ్నకు జవాబు వచ్చే సర్వసభ్య సమావేశంలో మీ కార్యదర్శి గారిని అడగండి. అడిగే హక్కు మీకు ఉన్నది.

— ఒక సహకార ఇన్‌స్పెక్టరు